విరుంగా కొండ నడకల చరిత్ర

మధ్య ఆఫ్రికాలో రువాండా, ఉగాండా, కాంగో ప్రజాస్వామిక గణతంత్రం అనే మూడు దేశాల ఎల్లలు కలిసే చోట, కివూ సరస్సుకు ఉత్తరాన, ఎనిమిది అగ్నిపర్వతాలు వరుసగా నిలిచి ఉన్నాయి. ఈ శ్రేణికి విరుంగా అని పేరు. ఆఫ్రికా ఖండపు భూఫలకం చీలి, చీలిన రెండు భాగాలు ఏటా కొద్ది మిల్లీమీటర్ల చొప్పున ఒకదానికొకటి దూరమవుతున్నందువల్ల ఏర్పడిన పొడవాటి పల్లాన్ని పగులు లోయ అంటారు. ఆ లోయ పడమటి శాఖలో నేల పలుచబడిన చోట లోపలి శిలాద్రవం పైకి ఎగదన్ని ఈ కొండలను పోసింది. వీటిలో అన్నిటికన్నా ఎత్తయిన కరిసింబి 4,507 మీటర్లు, మికెనో 4,437 మీటర్లు, ముహబూర 4,127 మీటర్లు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల శిఖరాల్లో ఏదీ 1,700 మీటర్లు దాటదని గుర్తుచేసుకుంటే ఈ ఎత్తు పాఠకునికి అందుతుంది. బిసోకె, సబిన్యో, గహింగ అనే మరో మూడు కొండలు కూడా పై వాటిలాగే చల్లారి నిద్రాణంగా ఉండగా, పడమటి కొసనున్న న్యీరగోంగో, న్యామురగిర మాత్రం నేటికీ నిప్పు కక్కుతూనే ఉన్నాయి.

కొండ పాదం దగ్గర నల్లని లావా మట్టిలో బంగాళదుంప చేలు ఉంటాయి. వాటిని దాటితే వెదురు అడవి, ఆపై నాచు వేలాడే హగేనియా వృక్షాల వనం, మరింత పైన మనిషి కన్నా ఎత్తు పెరిగే లొబేలియా, సెనీషియో మొక్కల మైదానాలు, చివర గడ్డి, బూడిద రాళ్లు వస్తాయి. ఈ అంతస్తుల్లో బంగారు కోతులు, అడవి దున్నలు, ఏనుగులు తిరుగుతాయి గాని, ప్రపంచం ఈ కొండల వైపు చూడడానికి కారణం పర్వత గొరిల్లా. వెదురు మొలకలు, దురదగొండి జాతి ఆకులు, ముళ్లమొక్కల కాడలు తిని బతికే ఈ శాకాహారి విరుంగాలోనూ, దానికి కొంత దూరంలో ఉగాండాలోని బ్విండి అడవిలోనూ తప్ప భూమి మీద మరెక్కడా లేదు.

ఈ జంతువును చూడడానికి కొండ ఎక్కే సందర్శకులు నేడు కొన్ని నియమాలకు లోబడి నడుస్తారు. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఒకే జట్టు వెళ్లాలి, జట్టులో ఎనిమిది మందికి మించకూడదు, దగ్గర గడిపే కాలం ఒక గంటే, మధ్య కొంత కనీస దూరం ఉండాలి, జలుబు చేసినవారు వెళ్లకూడదు. గైడు, జాడ పట్టేవారు, సాయుధ రక్షకులు తోడుంటారు. ప్రతి అనుమతికి పెద్ద మొత్తం చెల్లించాలి, అందులో కొంత భాగం చుట్టుపక్కల ఊళ్లకు పోవాలి. ఈ నియమావళి ఒకేసారి ఏర్పడినది కాదు. వంద సంవత్సరాల పైబడిన కాలంలో జరిగిన వేటలు, యుద్ధాలు, వ్యాధులు, భూమి తగాదాలు ఒక్కొక్కటిగా ఈ కట్టుబాట్లను తెచ్చిపెట్టాయి. అందువల్ల వీటి పుట్టుకను వెనుదిరిగి చూడడమంటే ఆ కొండల ఆధునిక చరిత్రను చదవడమే.

యూరోపియన్లు రాకముందు ఈ అడవికి మనుషులు కొత్త కాదు. బట్వా అనే పొట్టి దేహపు వేట జాతి తరతరాలుగా తేనె, దుప్పి, కట్టె, మూలికల కోసం ఈ వనాల్లోనే తిరిగింది. దిగువ వాలుల్లో హుటు రైతులు పొలాలు కొట్టుకున్నారు, టుట్సీలు పశువులను మేపారు. ర్యాంగోంబె అనే వీరుని ఆత్మను కొలిచే రువాండా ప్రజల నమ్మకం ప్రకారం, దీక్ష తీసుకున్నవారు చనిపోయాక కరిసింబి చల్లని శిఖరానికీ, తీసుకోనివారు న్యీరగోంగో నిప్పుల గుండానికీ చేరతారు. 1861లో నైలు నది పుట్టుక వెతుకుతూ వచ్చిన బ్రిటిష్ యాత్రికుడు జాన్ హానింగ్ స్పీక్ ఈ శిఖరాలను దూరం నుంచి చూసి వెళ్లిపోయాడు. 1894లో జర్మన్ అధికారి గుస్తాఫ్ అడాల్ఫ్ ఫాన్ గోట్సెన్ రువాండాను తూర్పు నుంచి పడమటికి దాటుతూ న్యీరగోంగోను ఎక్కాడు. కొండను దైవస్థానంగా కాక కొలవవలసిన, ఎక్కవలసిన, పటంలో ఎక్కించవలసిన వస్తువుగా చూసే దృష్టి ఆయనతో పాటు అక్కడికి వచ్చింది.

1902 అక్టోబరు 17న జర్మన్ సేనాని రాబర్ట్ ఫాన్ బెరింగె సబిన్యో కొండను ఎక్కుతూ, 3,100 మీటర్ల ఎత్తున వేసుకున్న విడిది నుంచి పెద్ద నల్లని వానరాల గుంపును చూసి రెండింటిని కాల్చాడు. ఆ రెండూ లోయలో పడిపోగా, ఎంతో శ్రమతో ఒకదాన్ని పైకి లాగి బెర్లిన్‌కు పంపాడు. పల్లపు అడవుల గొరిల్లా పాశ్చాత్య విజ్ఞానానికి 1847 నుంచే తెలుసు గాని, ఇంత ఎత్తున, ఇంత చలిలో గొరిల్లా ఉంటుందని ఎవరూ ఊహించలేదు. బెర్లిన్ జంతు శాస్త్రవేత్త పాల్ మాట్షీ 1903లో దాన్ని కొత్త జాతిగా వర్ణించి, కాల్చినవాని పేరునే దానికి పెట్టాడు. నేటికీ ఆ జంతువు శాస్త్రీయ నామం గొరిల్లా బెరింగై. బట్వా వేటగాళ్లు తమ పుట్టుక నుంచి ఎరిగిన జంతువు తుపాకి దెబ్బతోనే ‘కనుగొనబడింది’ అని పుస్తకాలు రాయడం ఆ కాలపు అధికార స్వభావాన్ని చెబుతుంది. తర్వాతి రెండు దశాబ్దాల్లో మ్యూజియాల కోసం, రాచవేటల కోసం పదులకొద్దీ గొరిల్లాలు నేలకూలాయి. 1921 ప్రాంతంలో స్వీడన్ రాకుమారుడు విల్హెల్మ్ వచ్చి 14 గొరిల్లాలను చంపాడు.

ఈ యాత్రల భారమంతా మోసినవారు ఆఫ్రికన్ కూలీలు. 1907–08లో మెక్లెన్‌బుర్గ్ ప్రభువు అడాల్ఫ్ ఫ్రీడ్రిక్ నడిపించిన జర్మన్ పరిశోధక యాత్రలో భూగర్భ శాస్త్రవేత్త ఎగోన్ కిర్ష్‌స్టైన్ కరిసింబి ఎక్కుతుండగా మంచుతో కూడిన వడగళ్ల తుఫాను కమ్మి, పలుచని బట్టలతో మూటలు మోస్తున్న కూలీలు పలువురు గడ్డకట్టి చనిపోయారు. కొండ ఎక్కినవారి పేర్లు పటాల మీదికి ఎక్కాయి గాని ఈ మృతుల పేర్లు ఎక్కలేదు. విరుంగా నడకల చరిత్రలో మొదటి బలి వీరిదని చెప్పడం న్యాయం. 1910లో జర్మనీ, బెల్జియం, బ్రిటన్ దేశాలు బ్రస్సెల్స్‌లో కూర్చుని ఈ కొండలను మూడు ముక్కలుగా పంచుకున్నాయి. ఆ గీతలే నేటి మూడు దేశాల ఎల్లలు.

తుపాకి దించే ఆలోచన తుపాకి పట్టినవాని నుంచే వచ్చింది. న్యూయార్క్‌లోని అమెరికన్ సహజ చరిత్ర మ్యూజియం కోసం పనిచేసిన శిల్పి, చర్మపూరణ నిపుణుడు, అంటే చచ్చిన జంతువుల చర్మాన్ని నిజరూపంలో నిలబెట్టే కళాకారుడు, కార్ల్ ఏక్లీ 1921లో మికెనో, కరిసింబి వాలుల్లో గొరిల్లాలను చంపి సేకరించాడు. ఆ యాత్రలోనే తన సొంత తయారీ కెమెరాతో అడవిలో తిరిగే గొరిల్లాలను మొదటిసారి చలనచిత్రంగా తీశాడు. చచ్చిన జంతువు ముఖంలో క్రౌర్యం కనపడకపోవడం, బతికినది మనిషిని తప్పించుకోవడమే తప్ప మీదపడకపోవడం ఆయనను కదిలించాయి. ఇవి ఇలాగే వేటకు గురైతే మిగలవని గ్రహించి, రక్షిత క్షేత్రం ఏర్పాటు చేయాలని బెల్జియం ప్రభుత్వాన్ని కోరాడు. అప్పటి బెల్జియం రాజు మొదటి ఆల్బర్ట్ 1919 అమెరికా పర్యటనలో జాతీయ పార్కులను స్వయంగా చూసి వచ్చినవాడు. 1925 ఏప్రిల్ 21న ఆయన జారీచేసిన శాసనంతో ఆల్బర్ట్ జాతీయ పార్కు ఏర్పడింది. ఆఫ్రికా ఖండంలో జాతీయ పార్కు అనే పేరుతో వెలసిన మొదటిది అదే. ఏక్లీ మరుసటి ఏడు తిరిగి వచ్చి, 1926 నవంబరు 17న మికెనో వాలున కబారా అనే పచ్చిక బయలు దగ్గర జబ్బుపడి చనిపోగా, అక్కడే సమాధి చేశారు. ఆ యాత్రలో చేయదలచిన పార్కు సర్వే పనిని బెల్జియన్ జంతు శాస్త్రవేత్త జాన్ మరీ డెర్షైడ్ పూర్తిచేశాడు.

అయితే ఆ పార్కు సందర్శకుల కోసం పెట్టినది కాదు. బెల్జియన్ అధికారుల దృష్టిలో అది ముఖ్యంగా ఒక శాస్త్ర ప్రయోగశాల. గొరిల్లాలు ఉన్న భాగంలోకి శాస్త్రవేత్తలకు తప్ప ఇతరులకు ప్రవేశం దాదాపు లేదు. అడవినే నమ్ముకున్న బట్వాలు, పశువుల కాపరులు మాత్రం సొంత నేల మీదే చొరబాటుదారులయ్యారు. వేట మీద నిషేధం గొరిల్లాను కాపాడింది, అదే నిషేధం వేటతో బతికేవానిని నేరస్థుణ్ణి చేసింది. ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పకపోతే పార్కు చరిత్ర అసంపూర్ణమే.

వేటగాడుగానో శాస్త్రవేత్తగానో కాకుండా, కేవలం చూడడానికి వచ్చేవానికి గొరిల్లాను చూపించవచ్చునన్న ఊహ ఉగాండా వైపున పుట్టింది. వాల్టర్ బౌంగార్టెల్ అనే జర్మన్ 1955లో కిసోరో పట్టణంలో ట్రావెలర్స్ రెస్ట్ అనే చిన్న హోటల్‌ను చేపట్టి, ముహబూర, గహింగ కొండలకు అతిథులను పంపడం మొదలుపెట్టాడు. ర్యూబెన్ ర్వాన్‌జగిరె అనే స్థానిక గైడు జాడలు పట్టి వారిని నడిపించేవాడు. గొరిల్లాలను ఆకర్షించాలని బౌంగార్టెల్ మేతలు, ఉప్పు పెట్టి చూశాడు గాని అవి వాటిని ముట్టలేదు. వాటి నడవడి తెలియనిదే వాటిని చూపించలేమని గ్రహించి, పరిశీలకులు కావాలని విజ్ఞాన లోకానికి ఉత్తరాలు రాశాడు. 1956లో రోజలీ ఆస్బర్న్, ఆ వెనుకనే జిల్ డోనిస్‌థార్ప్ అనే ఇద్దరు స్త్రీలు ఆయన పిలుపు మీద వచ్చి కొండ మీద పనిచేశారు. తర్వాత ప్రసిద్ధులైనవారి నీడలో వీరి పేర్లు దాదాపు మరుగున పడ్డాయి.

1959లో వచ్చిన అమెరికన్ జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ భార్యతో కలిసి కబారా కుటీరంలో ఉంటూ ఏడాదికి పైగా గొరిల్లాలను గమనించాడు. ఆయన పద్ధతి సరళమైనది: తుపాకి లేకుండా, దాగకుండా, వాటికి కనబడేలా, నెమ్మదిగా, ఒంటరిగా లేదా ఒకరి తోడుతో వెళ్లి కూర్చోవడం, అవి జరిగిపోతే వెంటపడకపోవడం. రోజులు గడిచేకొద్దీ గొరిల్లాలు మనిషి ఉనికిని పట్టించుకోవడం మానేశాయి. వన్యమృగం తన అడవి స్వభావాన్ని వదలకుండానే, మేతకు ఆశపడకుండానే, మనిషి దగ్గరలో ఉన్నా భయపడని స్థితికి రావడాన్ని అలవాటు పరచడం అంటారు. పెంపుడు జంతువును మచ్చిక చేయడం కన్నా ఇది వేరు. నేటి సందర్శన అంతా ఈ పద్ధతి మీదే నిలిచి ఉంది. విరుంగాలో 400 నుంచి 500 గొరిల్లాలు ఉండవచ్చునని షాలర్ అంచనా వేశాడు.

1960లో కాంగో, 1962లో రువాండా స్వతంత్రమయ్యాక ఆల్బర్ట్ పార్కు రెండుగా విడిపోయింది. కాంగో భాగానికి 1969లో విరుంగా జాతీయ పార్కు అని పేరు మారింది, రువాండా భాగం అగ్నిపర్వతాల జాతీయ పార్కు అయింది. కాంగో కల్లోలం నుంచి బయటపడిన డయాన్ ఫాసీ అనే అమెరికన్ స్త్రీ 1967 సెప్టెంబరు 24న రువాండా వైపున కరిసింబి, బిసోకె కొండల నడిమి మిట్టపై కరిసోకె పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. కబారాలో ఆమెకు జాడలు పట్టడం నేర్పినవారిలో సన్వెక్వె అనే కాంగో రక్షకుడు ఉన్నాడు. చిన్నతనంలో ఏక్లీ యాత్రకూ, ఆ తర్వాత షాలర్‌కూ తోడు నడిచినది కూడా ఆయనే. చంపడానికి, గమనించడానికి, కాపాడడానికి వచ్చిన మూడు తరాల విదేశీయులను ఒకే మనిషి నేర్పరితనం గొరిల్లాల దగ్గరికి చేర్చిందంటే, ఈ చరిత్రకు అసలు వెన్నెముక ఎవరో తెలుస్తుంది. విరిగిన కాడ ఎంత తడిగా ఉంది, పేడ ఎంత వెచ్చగా ఉంది, రాత్రి ఆకులు మడిచి కట్టుకున్న పడకలు ఎన్ని అని చూసి గుంపు ఎటు వెళ్లిందో, అందులో ఎన్ని ఉన్నాయో చెప్పే ఆ విద్య బట్వా వేటలో పుట్టినదే.

అదే కాలంలో కింద పొలాల్లో మరొక చరిత్ర నడుస్తోంది. చామంతి జాతికి చెందిన తెల్లని పూల మొక్క ఒకదాని నుంచి పైరెత్రమ్ అనే సహజ కీటకనాశని తీస్తారు, అది చల్లని ఎత్తైన నేలల్లో బాగా పండుతుంది. యూరోపియన్ ఆర్థిక సముదాయం నిధులతో ఆ పంట వేయడానికి 1969లో రువాండా పార్కు నుంచి దాదాపు 10,000 హెక్టార్లు, అంటే అప్పటికి మిగిలి ఉన్నదానిలో సుమారు 40 శాతం, తీసేసి రైతు కుటుంబాలకు పంచారు. పోయినది ముఖ్యంగా దిగువ అడవి. కృత్రిమ మందులు మార్కెట్‌లోకి వచ్చాక ఆ పూలకు గిరాకీ పడిపోయింది, రైతులు అక్కడ బంగాళదుంప వేసుకున్నారు. 1970ల చివరికి పార్కు విస్తీర్ణం సుమారు 160 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయింది. వేటగాని ఉచ్చు ఒక గొరిల్లాను చంపుతుంది, అడవి కోత అది తిరిగి పుట్టే చోటునే తీసేస్తుంది. అయినా బయటి ప్రపంచానికి ఉచ్చు కనబడినంతగా కోత కనబడలేదు.

1977 డిసెంబరు 31న ఫాసీ ఎంతో ప్రేమించిన డిజిట్ అనే మగ గొరిల్లాను దొంగవేటగాళ్లు చంపి తల, చేతులు కోసుకుపోయారు. ఆ వార్తతో ప్రపంచమంతటి నుంచి విరాళాలు వచ్చాయి. 1981 గణనలో విరుంగా గొరిల్లాలు 250 ప్రాంతానికి పడిపోయినట్టు తేలింది. ఏం చేయాలన్న విషయంలో రెండు మార్గాలు ఎదురుబొదురుగా నిలిచాయి. ఉచ్చులను పీకేయడం, వేటగాళ్లను పట్టుకోవడం, అడవిని బయటివారికి మూసి ఉంచడం ఫాసీ మార్గం. సందర్శకుల రాక గొరిల్లాలకు హాని అని ఆమె నమ్మింది. 1978లో వచ్చిన అమెరికన్ పరిశోధకులు బిల్ వెబర్, ఏమీ వెడర్ దంపతులు మరో విధంగా ఆలోచించారు. మిగిలిన పార్కులోనూ 5,000 హెక్టార్లను పశువుల పెంపకానికి తీసుకోవాలని ప్రభుత్వం యోచిస్తున్న సమయంలో, జనసాంద్రత అంత ఎక్కువగా ఉన్న పేద దేశానికి అడవి నిలిచి ఉంటే ఏమొస్తుందో చూపించకపోతే అడవి మిగలదని వారు వాదించారు. 1979లో మొదలైన పర్వత గొరిల్లా ప్రాజెక్టు కింద కొన్ని కుటుంబాలను సందర్శకులకు అలవాటు పరిచారు. జట్టుకు మొదట ఆరుగురు, తర్వాత ఎనిమిది మంది, రోజుకు ఒకే గంట అనే కొలతలు అప్పుడు వచ్చినవే. మిగతా కాలమంతా గొరిల్లాలు తమ మేతా, తమ నిద్రా తాము చూసుకోవాలన్నది వాటి వెనుక ఉద్దేశం. కొన్నేళ్లలోనే ఈ రాబడి కాఫీ, తేయాకుల తర్వాత చెప్పుకోదగిన విదేశీ మారకంగా ఎదిగింది, పశువుల పథకం అటకెక్కింది. 1985 డిసెంబరులో ఫాసీ తన కుటీరంలో హత్యకు గురైంది. ఆమె పోరు లేకుంటే కాపాడడానికి గొరిల్లాలు మిగిలేవి కావు, వెబర్ దంపతుల లెక్క లేకుంటే కాపాడడానికి అడవి మిగిలేది కాదు. ఈ రెంటిలో ఒకదాన్నే గెలిపించే రచనలు విరుంగాకు న్యాయం చేయవు.

సందర్శకుల గురించి ఫాసీ పడిన భయం నిరాధారం కాదు. గొరిల్లాకూ మనిషికీ దేహధర్మం ఎంత దగ్గరంటే మనిషి జలుబు దానికి ప్రాణాంతకం కావచ్చు. 1988లో రువాండా వైపు గొరిల్లాల్లో ఊపిరితిత్తుల జబ్బు వ్యాపించి ఆరు ఆడ గొరిల్లాలు చనిపోయాయి. తట్టు కావచ్చునన్న అనుమానంతో పశువైద్యులు 65 గొరిల్లాలకు సూదిబాణాలతో తట్టు టీకా వేశారు. కనీస దూరం, జబ్బుగా ఉన్నవారికి నిషేధం అనే నియమాలకు బలం చేకూర్చినవి ఇటువంటి అనుభవాలే. కోవిడ్ మహమ్మారి తర్వాత మాస్కు కూడా తప్పనిసరి అయింది.

1990లో రువాండాలో అంతర్యుద్ధం మొదలయ్యాక రువాండా దేశభక్త సేన అనే తిరుగుబాటు దళం విరుంగా వాలులనే స్థావరంగా చేసుకుంది. టుట్సీలపై జరిగిన 1994 మారణహోమం వెనుక ఏడు లక్షలకు పైగా శరణార్థులు కాంగోలోని గోమా నగరం చుట్టూ శిబిరాల్లో చేరి, వంటచెరకు కోసం పార్కును నరికారు. ఆ ఏడే కాంగో పార్కును యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. రువాండాలో గొరిల్లా సందర్శన 1999 దాకా పూర్తిగా తెరుచుకోలేదు. ఇంత విపత్తులోనూ 1989లో 324గా ఉన్న విరుంగా గొరిల్లాల లెక్క 2003 నాటికి 380కి చేరడం, జీతాలు లేకున్నా ప్రాణాలకు తెగించి అడవిలో కాపలా కాసిన స్థానిక రక్షకుల పుణ్యమే. కాంగో వైపున కట్టెబొగ్గు వ్యాపారుల ముఠాలు, సాయుధ దళాలు పార్కును నేటికీ వదలలేదు. 2007 జులైలో రుగెండో కుటుంబంలోని గొరిల్లాలను కాల్చి చంపారు. ఆ పార్కు కాపలాలో ప్రాణాలు కోల్పోయిన రక్షకులు 200 మందిని మించారు. జట్టుతో పాటు నడిచే తుపాకి అడవి దున్నను గాలిలోకి కాల్చి బెదరగొట్టడానికే కాదు, ఈ చరిత్ర కారణంగా కూడా అక్కడ ఉంది.

కొండ నిప్పు కూడా ఈ కొండల చరిత్రలో భాగమే. న్యీరగోంగో శిఖర గుండంలో ఎర్రగా మరిగే లావా సరస్సు ఉందని ఫ్రెంచ్ అగ్నిపర్వత శాస్త్రవేత్త హరూన్ తాజియెఫ్ 1948లో లోకానికి చాటాడు. ఆ లావాలో ఇసుకరాయి పదార్థమైన సిలికా చాలా తక్కువ కావడం వల్ల అది నీటిలా పలుచన. 1977 జనవరి 10న పక్కలు పగిలి సరస్సంతా గంటలోపే ఖాళీ అయినప్పుడు ఊళ్లకు ఊళ్లు మాడిపోయాయి. 2002 జనవరిలో గోమా నగరం నడిబొడ్డు గుండా లావా పారగా లక్షల మంది పారిపోయారు, 2021 మేలో మళ్లీ పగిలింది.

రువాండా 2005 నుంచి పార్కు రాబడిలో 5 శాతాన్ని, 2017 నుంచి 10 శాతాన్ని చుట్టుపక్కల ఊళ్ల బడులకు, వైద్యశాలలకు, నీటి తొట్లకు ఇస్తోంది. 2017లోనే అనుమతి రుసుమును 1,500 డాలర్లకు పెంచింది. తక్కువ మందితో ఎక్కువ రాబడి తెచ్చుకునే ఈ విధానం గొరిల్లాకు మేలు చేసేదే గాని, కొండ కింద ఉండే రువాండా రైతుకు తన కొండ మీది జంతువును చూసే స్తోమత లేకుండా కూడా చేస్తుంది. 2015–16 గణనలో విరుంగా గొరిల్లాలు 604 అని తేలగా, 2018లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఈ జంతువును తీవ్ర ప్రమాదపు జాబితా నుంచి ఒక మెట్టు దించింది. పెద్ద వానరాల్లో లెక్క పెరుగుతున్నది ఇదొక్కటే.

లెక్క పెరిగిన గొరిల్లాలకు అడవి చాలడం లేదు. అడవికీ పొలానికీ మధ్య లావా రాళ్లతో కట్టిన గోడను దున్నలు, గొరిల్లాలు దాటి వస్తున్నాయి. 1969లో పైరెత్రమ్ కోసం ఇచ్చిన నేలలో కొంత భాగాన్ని తిరిగి అడవిగా మార్చి, పార్కును దాదాపు నాలుగో వంతు పెంచే పథకాన్ని రువాండా ప్రభుత్వం చేపట్టింది. అందుకోసం అక్కడ రెండు తరాలుగా దుంప పండించుకుంటున్న వేలాది కుటుంబాలు లేచి, కొత్తగా కట్టిన ఊళ్లకు తరలవలసి ఉంది. ఇలాంటి తరలింపు ఈ కొండల్లో మునుపూ జరిగింది: 1991లో ఉగాండా మ్గహింగ పార్కు ఏర్పాటు చేసినప్పుడు అడవి నుంచి వెళ్లగొట్టబడిన బట్వాలకు నేల గాని, పరిహారం గాని సరిగా అందలేదు. వారిలో చాలామంది నేటికీ ఇతరుల పొలాల అంచున కూలి చేసుకుని బతుకుతున్నారు, కొందరు తమ పూర్వపు అడవిలోనే సందర్శకులకు దారి చూపే గైడులుగా జీతానికి నడుస్తున్నారు.